మూడుసార్లు వేడుకొనిన తరువాత



ఈనాటి సందేశము యౌవనస్థుల కొరకు, వారి తల్లిదండ్రుల కొరకు. సైన్యంలో ఆఫీసరు కావాలని వెళ్లి, వైద్య పరీక్షలో 'అన్‌ఫిట్' అనిపించుకొని తలవంచుకొని ఇంటికి వచ్చిన బిడ్డలున్నారు. అప్పుడు తల్లిదండ్రులు అడిగే మాట ఒకటే: "అయ్యగారూ, ఏదైనా మినహాయింపు దొరకదా? ఎవరితోనైనా చెప్పించలేమా?" ఈ మాటను తేలికగా తీసివేయకూడదు. సుగ్గికి పోయి, గుంటూరు వైపు మిరపకాయలు కోసి, ఆ కూలి డబ్బుతో చదివించిన బిడ్డ సంగతి అది.

మన పల్లెల్లో సైన్యమంటే పరుగు పందెము, జవాను ఉద్యోగము అనుకుంటారు. ఆఫీసరు దారి వేరు. ఇంటర్ చదివినవారికి ఎన్‌.డి.ఎ., డిగ్రీ చదివినవారికి సి.డి.ఎస్‌. పరీక్షలను యు.పి.ఎస్‌.సి. సంవత్సరానికి రెండుసార్లు పెడుతుంది. 2022 నుండి ఎన్‌.డి.ఎ.లో ఆడపిల్లలు కూడా చేరుతున్నారు. రాత పరీక్ష తరువాత బెంగళూరు, భోపాల్ వంటి చోట్ల అయిదు రోజుల ఎస్‌.ఎస్‌.బి. ఇంటర్వ్యూ ఉంటుంది. అందులో ఎంపికైనవారికే సైనిక ఆసుపత్రిలో వైద్య పరీక్ష.

ఆ మొదటి బోర్డు అనర్హుడని చెప్పినా అంతటితో అయిపోలేదు. 42 రోజులలోపు అప్పీలు బోర్డు ముందుకు వెళ్లవచ్చు. అక్కడా కాదంటే రివ్యూ బోర్డు కోరవచ్చు. అయితే అది హక్కుగా రాదు, కేసును బట్టి పై అధికారులు అనుమతిస్తేనే జరుగుతుంది. అమెరికాలోనైతే 'వేవర్' అనే మాట ఉంది: వైద్యులు అనర్హుడన్నవానికి కూడా ఆ సైన్య విభాగము తలచుకుంటే మినహాయింపు ఇవ్వగలదు. మన దేశంలో అభ్యర్థికున్న దారి అప్పీలే. కొన్ని ప్రాంతాలవారికి ఎత్తులో సడలింపు ఉన్నది గాని, అది నిబంధనలోనే వ్రాసి ఉన్నది. బతిమాలితే వచ్చేది కాదు.

మూడు బోర్డులు, మూడు విన్నపములు. అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరములోని ముల్లు తొలగిపోవాలని మూడుసార్లు ప్రభువును వేడుకొన్నాడని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక పండ్రెండవ అధ్యాయములో చూస్తాము. గమనించండి, అడగడము అవిశ్వాసము కాదు. పౌలు సిగ్గుపడకుండా అడిగాడు. కాబట్టి తమ్ముడా, చెల్లీ, నీవు కూడా అప్పీలు చేయి. చెవిలో గుబిలి, టాన్సిల్స్, ముక్కు దూలము వంకర, మొలలు, బరువు ఎక్కువ తక్కువలు, ఇవన్నీ ముందే సరిచేసుకొని రమ్మని ఎన్‌.డి.ఎ. ప్రకటనలోనే చెబుతారు. దరఖాస్తు పెట్టకముందే ఆదోని ఏరియా ఆసుపత్రిలో చూపించుకో. రంగులు సరిగా గుర్తుపట్టలేని చూపు వంటిది చికిత్సకు లొంగదు. అది ముందే తెలిస్తే కొన్ని సంవత్సరాల ఆశ వృథా కాదు.

అయితే రెండు పనులు చేయవద్దు. "లక్ష ఇవ్వండి, పాస్ చేయిస్తాను" అనేవాని ఇంటి గడప తొక్కవద్దు. జబ్బును దాచవద్దు. పరీక్షకు ముందు ఇచ్చే పత్రములో ఫిట్స్, ఆస్తమా వంటివి ఎప్పుడైనా వచ్చాయా అని అడుగుతారు, దాని క్రింద నీవే సంతకము చేస్తావు. దాచిన జబ్బు రేపు కొండ మీద, రాత్రి కాపలాలో బయటపడితే, నిన్ను నమ్మి నడిచే ముప్పైమంది జవానుల ప్రాణము ఏమవుతుంది? అబద్ధముతో దొరికిన అర్హత వారి ప్రాణాల మీదికి తెస్తుంది.

మినహాయింపు నిజముగా సంపాదించిన మనిషి ఒకరున్నారు. గూర్ఖా దళానికి చెందిన ఇయాన్ కార్డోజో 1971 యుద్ధములో మందుపాతర మీద అడుగుపెట్టి కాలు పోగొట్టుకొన్నారు. నలిగిపోయిన ఆ కాలును తన కుక్రీతో తానే కోసివేసుకొన్నారు. కాలు లేనివానికి పటాలము అప్పగించమన్నారు. ఆయన సిఫారసుకు పోలేదు. కృత్రిమ కాలుతో కొండలు ఎక్కి చూపించారు. పటాలానికి, తరువాత బ్రిగేడ్‌కు నాయకత్వము వహించి మేజర్ జనరల్‌గా విరమించారు. ఆయన అప్పటికే ఆఫీసరు, కొత్తగా చేరేవారి నియమము వేరు. అయినా లోపాన్ని దాచకుండా, బలాన్ని చూపించి అడిగిన తీరు మనకు మాదిరి.

సరే, మూడవ జవాబు కూడా కాదనే వస్తే? పౌలుకు ముల్లు పోలేదు. దానికి బదులు కృప చాలుననే జవాబు వచ్చింది. లేవీయకాండము ఇరవై ఒకటవ అధ్యాయము కూడా చూడండి. అహరోను సంతానములో అవయవ లోపమున్నవాడు బలిపీఠము దగ్గర సేవ చేయకూడదని అక్కడ ఉన్నది. వినడానికి కఠినమే. అయితే ఆ వెంటనే, అతడు దేవుని ఆహారము, అతి పరిశుద్ధమైనది సహితము, తినవచ్చునని కూడా ఉన్నది. ఆ పని అతనికి లేదు గాని భోజనపు బల్ల అతనిదే. అతడు పరాయివాడు కాలేదు.

ఈ భేదము మన దేశానికి కూడా తెలియాలి. అన్ని పరీక్షలు దాటి, శిక్షణలో గాయపడి వికలాంగులై ఇంటికి పంపబడిన క్యాడెట్లున్నారు. కమిషను అందలేదు గనుక మాజీ సైనికులకుండే సదుపాయాలు వారికి లేకపోయాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వారి సంగతిని తనంతట తానే విచారణకు తీసుకొన్నది. అదే నెలలో ప్రభుత్వము మాజీ సైనికుల వైద్య పథకాన్ని వారికి వర్తింపజేసింది. పని పోయినవానికి బల్ల దగ్గర చోటు పెట్టడమంటే ఇదే.

తల్లిదండ్రులారా, తిరిగివచ్చిన బిడ్డను వీధిలో నలుగురి ముందు 'అన్‌ఫిట్' అని పిలువకండి. అది ఒక ఉద్యోగానికి వైద్యులు వ్రాసిన మాట, మీ బిడ్డ పేరు కాదు. ఈ రాత్రి అతనికి ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టి అన్నము వడ్డించండి. సంఘ పెద్దలారా, అతనికి పని ఇవ్వండి, ఎస్‌.ఎస్‌.బి. వరకు వెళ్లినవాడు మన ఊరి పదిమంది పిల్లలకు దారి చూపగలడు.

ప్రార్థన చేసుకొందాము. ప్రభువా, అడిగే ధైర్యమును, నిజము చెప్పే నోటిని, కాదన్న జవాబును మోసే బలమును మా బిడ్డలకు దయచేయుము. ఆమేన్.