పాత యంత్రము - ఏటేటి బాధ్యత

(కోనసీమ గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కోనసీమలో ఏ యంత్రమును గురించి మాటలాడవలెనన్నను ముందుగా కాలువను తలచుకొనుట న్యాయము. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన ఈ సీమ పచ్చబడినదని పసిపిల్లలు కూడ చెప్పగలరు. అయితే ఆనకట్ట కట్టుటతో పని ముగిసినదా? ప్రతి వేసవిలోను కాలువలు కట్టివేసి, పూడిక తీసి, లాకుల తలుపులు బాగుచేసి, గట్లు సరిచేసి, మరల నీరు వదలుచున్నారు. కట్టుట ఒకనాటి పని. కాపాడుకొనుట ఏటేటి పని. నేడు మనము ముచ్చటించుకొనబోవు చిన్న యంత్రమునకును ఇదే ధర్మము వర్తించును.

వడ్రంగి పాకలోని యంత్రము

మన వడ్రంగులు దానిని స్పిండిల్ శాండరు అందురు. రాట్నమునకు కదురు ఎట్టిదో దీనికి స్పిండిలు అట్టిది. కాకున్న ఇది బల్ల నడుమ నిలువుగా నిలిచి తిరుగును. దానికి రబ్బరు ఉరుళు, ఆ ఉరుళుకు ఉప్పుకాగితపు తొడుగు ఉండును. తిరుగుచునే అది కొంచెము పైకి, కొంచెము క్రిందికి కదలుచుండును. ఆ కదలిక వలన తొడుగు ఒకే చోట అరుగక నిడివి పొడవునను అరుగును. కొయ్యపై గీతలు పడవు. కుర్చీ చేతులు, మంచపు పట్టెల వంపులు, ఉయ్యాల బల్ల అంచులు, కొబ్బరి చిప్పతో చేయు వస్తువులు మున్ను ఆకురాయితోను ఉప్పుకాగితముతోను పూటల తరబడి రుద్దవలసినవి. ఈ యంత్రముపై అవి త్వరలో నునుపు తేరును.

కొయ్యపనికి మన సీమలో గల గౌరవము కొత్తది కాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథము అగ్నికి ఆహుతి కాగా, 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవముల నాటికి కొత్త రథము సిద్ధమైనది. అట్టి విద్యకు సాయపడు యంత్రము ఊరికి వచ్చుట మంచిదే. కాని కొత్తది కొనుట అందరకు సాధ్యము కాదు. కావున పాత యంత్రములు వచ్చుచున్నవి. పాతది కొనుట తప్పు కాదు. తెలియక కొనుట, కొని మరచుట తప్పు.

మేము చూచిన సంగతి

ఒక లంక గ్రామమున వడ్రంగులు కొందరు డబ్బు కూడబెట్టి ఇట్టి పాత యంత్రమును తెచ్చిరి. ప్రారంభోత్సవమునకు మేమును వెళ్లితిమి. కొబ్బరికాయ కొట్టిరి, యంత్రమునకు పూలదండ వేసిరి. మేము ఛాయాచిత్రములు తీయించితిమి. దీనికి కందెన పెట్టువారెవరని ఎవరును అడుగలేదు. మేమును అడుగలేదు.

ఎనిమిది నెలల తరువాత ఆ దారిన పోవుచు చూడబోతిమి. యంత్రముపై గోనెపట్టా కప్పియున్నది. విచారింపగా తెలిసినదేమనగా, రెండు నెలల పాటు క్రింది బేరింగు గరగరలాడినది. ఎవరికి వారు రెండవవాడు చూచుకొనునని ఊరకుండిరి. చివరకు బేరింగు పట్టివేసి స్పిండిలునే కోసివేసినది. కొన్ని వందల రూపాయలతో పోవలసిన దానికి వేలు కావలసివచ్చినది. అంతకన్న విచారకరమైనది మరొకటి. స్పిండిలు చుట్టు బల్ల రంధ్రములో అమర్చు చిన్న కంకణము కొన్ననాడే లేదు. సన్నని ఉరుళు వాడునపుడు పెద్ద సందు మిగులుచుండెను. ఒక యువకుని చూపుడువేలు ఆ సందులోనికి పోయి గోరు ఊడినది. వేలు దక్కుట అదృష్టము. పనివానికి వేలే ఆస్తి కదా!

ఆ దండలోని పూలు మేము వేసినవి కాకున్నను, ఆ నిర్లక్ష్యములో మా పాలును కలదని ఒప్పుకొనుచున్నాము. నేటి ఈ ప్రసంగము ఆ అప్పు తీర్చుకొనుటకే.

కొనుటకు ముందు

ఎద్దును కొనునపుడు పళ్లు చూచి, నడిపించి, బండికి కట్టి చూతురు. యంత్రము విషయమునను అంతే జాగ్రత్త అవసరము.

మొదట కరెంటు తీసివేసి స్పిండిలును చేతితో తిప్పి చూడవలెను. అది మెత్తగా తిరుగవలెను. గరగర చప్పుడు వచ్చినను, పక్కకు ఊపగా కదలినను బేరింగులు అరిగినవని అర్థము. ఇది పెద్ద లోపము కాదు. కాని ధర తగ్గించి అడుగుటకు చాలినంత లోపము.

రెండవది, స్పిండిలు వంగినదా అను పరీక్ష. బల్లపై ఒక మేకును స్పిండిలుకు కాగితమంత దూరమున కదలకుండ నిలిపి, స్పిండిలును నెమ్మదిగా తిప్పవలెను. సందు ఒకచోట పెరిగి ఒకచోట తరిగినచో స్పిండిలు వంగియున్నది. అట్టి యంత్రమును వదలివేయుటయే మేలు.

మూడవది, నడిపించి చూచినపుడు పైకి క్రిందికి కదలిక ఆగక సాగుచున్నదా, గేరుపెట్టె నుండి నూనె కారుచున్నదా అని చూడవలెను.

నాలుగవది, మోటారుపై గల రేకును చదువవలెను. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. అమెరికా నుండి వచ్చిన పాత యంత్రములలో 115 వోల్టులు, 60 ఆవృత్తులు అని ఉండవచ్చును. అట్టిదానిని తిన్నగా మన ప్లగ్గునకు కలిపినచో మోటారు కాలిపోవును. మూడు ఫేజుల మోటారయినచో పాకకు ఆ కనెక్షను ఉన్నదా అని కూడ చూచుకొనవలెను.

కడపటిది, బల్ల కంకణములన్నియు ఉన్నవా, ఆ కొలత ఉప్పుకాగితపు తొడుగులు మనకు అందుబాటులో గల దుకాణములలో దొరకునా అని విచారింపవలెను. తొడుగు దొరకని యంత్రము గడ్డి దొరకని ఊరిలో గేదె వంటిది.

భాగములు మార్చుట

ఏ భాగమును ముట్టవలెనన్నను ముందు ప్లగ్గు ఊడదీసి పనివాడు తన కంటి ఎదుట పెట్టుకొనవలెను. స్విచ్చి ఆపినంతమాత్రమున చాలదు. ఊడదీయు ముందు చేతిలోని సెల్ ఫోనుతో ప్రతి దశను ఒక చిత్రము తీసికొని, ఊడిన భాగములను వరుసగా పాతగుడ్డపై పేర్చవలెను. తిరిగి బిగించునాడు ఆ వరుసయే గురువు.

తొడుగు: కొయ్య నల్లబడి కాలిన వాసన వచ్చుచున్నచో తొడుగు అరిగినదో, జిగురుతో నిండినదో తెలిసికొనవలెను. జిగురు పట్టినదయినచో యంత్రము తిరుగుచుండగా క్రేపు రబ్బరు ముక్కను ఆనించిన శుభ్రపడును. అరిగినదయినచో మార్చవలెను. పై మరను వదులుచేసినచో రబ్బరు ఉరుళు సన్నబడి తొడుగు ఊడివచ్చును. ఆ మర కొన్ని యంత్రములలో ఎడమచుట్టు ఉండును. కావున రాకున్న బలము చూపక, ఏ వైపు చుట్టో పరికించవలెను. తొడుగు లోపల బాణపు గుర్తు ఉన్నచో యంత్రము తిరుగు దిక్కునకు సరిపడునట్లు తొడుగవలెను. లేనిచో అతుకు లేచిపోవును. మరను అతిగా బిగించినచో ఉరుళు నడుమ ఉబ్బి కొయ్యపై పల్లము పడును. మన తేమ గాలికి తొడుగుల జిగురు వదలును గనుక వానిని మూతగల డబ్బాలో దాచవలెను.

రబ్బరు ఉరుళు: ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడి పగులును. బిగించినను ఉబ్బదు; తొడుగు జారును. అట్టి ఉరుళును అతుకులతో సాగదీయక మార్చవలెను.

బెల్టు: బెల్టు వీపుపై దాని కొలత అచ్చువేసి ఉండును. ఎ రకము బెల్టు వెడల్పు 13 మిల్లీమీటర్లు, బి రకము 17 మిల్లీమీటర్లు. ఒకదానికి బదులు వేరొకటి వేయరాదు. రెండు బెల్టులు గల యంత్రమున ఒకటి తెగినను రెంటిని ఒకేసారి మార్చవలెను; లేనిచో కొత్తదానిపైననే బరువంతయు పడును. కప్పీల నడుమ అడుగున్నర దూరమున్నచో బొటనవ్రేలితో నొక్కినపుడు బెల్టు సుమారు పావు అంగుళము దిగవలెను. అంతకన్న బిగువైనచో బేరింగులు చెడును, వదులైనచో జారును.

బేరింగు: దీని అంచుపై అంకె ఉండును. 6204 అను అంకెలో చివరి 04ను 5తో గుణించిన 20; అనగా లోపలి రంధ్రము 20 మిల్లీమీటర్లు. 6205కు 25 మిల్లీమీటర్లు. ఈ లెక్క తెలిసినచో దుకాణదారుని మాటపై ఆధారపడ నక్కరలేదు. దుమ్ములో పనిచేయు యంత్రము గనుక రెండు వైపుల రబ్బరు మూత గలదానిని కొనవలెను. పాతదానిని సుత్తితో కొట్టక పుల్లరుతో లాగవలెను. కొత్తదానిని స్పిండిలుపై ఎక్కించునపుడు లోపలి కంకణముపై మాత్రమే గొట్టపు ముక్క ఆనించి నెట్టవలెను. వెలుపలి కంకణముపై కొట్టినచో లోపలి గుండ్లు నొక్కుకొని, కొత్త బేరింగు మొదటి నాడే పాతదగును.

మోటారు: కాలిన మోటారుకు బదులు వేరొకటి వేయునపుడు గుర్రపు బలము మాత్రము చూచుట చాలదు. నిమిషమునకు 1440 మారులు తిరుగు మోటారుపై మూడు అంగుళముల ఉరుళు అంచు నిమిషమునకు సుమారు 345 మీటర్లు పోవును. ఆ స్థానమున 2880 మారుల మోటారు బిగించినచో వేగము రెట్టింపై కొయ్య మాడును, తొడుగు చిరుగును, ముక్క చేతిలో నిలువదు.

చేతికి, ఊపిరికి రక్ష

ఉరుళు కొలతకు తగిన కంకణము బల్లలో లేనిదే యంత్రము నడుపరాదు. కొయ్యను తిరుగు దిక్కునకు ఎదురుగా నెట్టవలెను. పైపంచె, వ్రేలాడు చేతుల చొక్కా, చేతి తొడుగులు, విరబోసిన జుట్టు యంత్రము దరిదాపులకు రారాదు.

కొయ్యపొట్టు సంగతి చాలమందికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధనా సంస్థ కొయ్య ధూళిని మానవులకు కేన్సరు కలిగించు పదార్థముగా 1995లో ప్రకటించినది. ఆ ధూళి ముక్కు లోపలి భాగములకు హాని చేయును. పొట్టును పీల్చు గొట్టమును బల్ల క్రింద అమర్చవలెను. ముక్కునకు మంచి మాస్కు కట్టవలెను. తువ్వాలు చాలదు. మోటారుపై పేరుకొన్న పొట్టు దగ్గర చుట్ట, బీడి వెలిగించుట ఇంటికి నిప్పు పెట్టుకొనుటయే.

మన సీమకు వరద భయము ఉన్నది. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు మించి నీరు వచ్చినది. లంకలలోని వారు యంత్రమును ఎత్తైన దిమ్మెపై నిలుపవలెను. నీట మునిగిన మోటారును ఆరబెట్టి, తెలిసినవారిచే ఇన్సులేషను పరీక్ష చేయించినగాని కరెంటు ఇయ్యరాదు. సముద్రపు గాలికి బల్ల తుప్పు పట్టకుండ మైనము రుద్దుచుండవలెను. ఎర్తు తీగ లేని యంత్రము తడి నేలపై మృత్యువుతో సమానము.

పంచాయతీ సభ్యులేమి చేయవలెను?

ఇదంతయు వడ్రంగి పని, మాకేమి అని మీరనవచ్చును. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెప్పిన 29 విషయములలో చిన్న పరిశ్రమలు, గ్రామ కుటీర పరిశ్రమలు కూడ ఉన్నవి. కావున ఇది మీ పనియే.

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేరినవి. వడ్రంగులు, పడవలు కట్టువారు, కొబ్బరి పీచు నేతవారు అందులో ఉన్నారు. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు వోచరు, పూచీకత్తు లేకుండ 5 శాతము వడ్డీపై మొదట లక్ష, అది తీర్చిన పిమ్మట రెండు లక్షల వరకు ఋణము అందులోని సదుపాయములు. గ్రామములలో దరఖాస్తు పరిశీలనకు మొదటి మెట్టు పంచాయతీయే. సర్పంచి బల్లపై ఆగిన కాగితము ఒక కుటుంబపు పనిని ఆపినట్లే. అర్హుని దరఖాస్తును జాప్యము లేక పంపుటయు, అనర్హుని దానిని మొగమాటము లేక తిరస్కరించుటయు మీ ధర్మము.

ఇక ఊరుమ్మడి యంత్రమున్న చోట మూడు పనులు చేయుడు. ఒకటి, సంరక్షణకు ఒక్కని పేరు వ్రాయుడు. అందరి పని ఎవరి పనియు కాదు. రెండు, గోడకు ఒక పుస్తకము వ్రేలాడదీసి, నూనె వేసిన తేదీ, మార్చిన భాగము, దాని అంకె వ్రాయింపుడు. మూడు, వచ్చిన అద్దెలో పదవ వంతు మరమ్మతుకై వేరుగా దాచుడు.

మేము చెప్పిన లంక గ్రామము వారు చివరకు అట్లే చేసిరి. స్పిండిలు కొత్తది కడపించిరి. కంకణములు తరిమెన పట్టించిరి. ఒక వృద్ధ వడ్రంగికి సంరక్షణ అప్పగించిరి. ఆయన చదువుకొనలేదు, పుస్తకము మనుమరాలు వ్రాయును. ఇరుసు చప్పుడు విని బండి బాగోగులు చెప్పిన చెవి ఆయనది. ప్రతి ఉదయము కొయ్య పెట్టక ముందు యంత్రమును ఊరక ఒక నిమిషము తిప్పి వినును. ఇటీవల మేము వెళ్లినప్పుడు గోడకు ఆ పుస్తకము కనబడినది. వేలు నొచ్చిన యువకుడు ఉయ్యాల బల్ల అంచు నునుపు చేయుచుండెను.

ఈసారి మేము ఛాయాచిత్రము తీయించినది యంత్రమును కాదు, ఆ పుస్తకమును. మీ ఊళ్లలో కూడ అట్టి పుస్తకములు వ్రేలాడవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.

జై హింద్.