చిన్నకారుకు రంగు

బొమ్మ చిన్నదైనకొలది దానిమీది రంగు మందమగును. ఇది వినుటకు వింతగా నుండవచ్చును గాని, లెక్క చూచినచో నిజమని తేలును. మన దేశపు రోడ్లపై చిరకాలము తిరిగి, 2014 లో తయారీ నిలిచిపోయిన ఎంబాసిడరు కారు పొడవు సుమారు 4 మీటర్ల 30 సెంటీమీటర్లు. దానిని 1:24 కొలతలో, అనగా ఇరువదినాల్గవ వంతుగా చేసినచో దాదాపు 18 సెంటీమీటర్లగును. 1:43 కొలతలోనైన 10 సెంటీమీటర్లే.

పెద్దకారు తలుపు చుట్టును నుండు సందు 4 మిల్లీమీటర్లనుకొందము. 1:24 బొమ్మలో ఆ సందు మిల్లీమీటరులో ఆరవవంతు మాత్రమే. పెద్దకారు రేకుమీది రంగుపొరలన్నియు కలిసి ఇంచుమించు మిల్లీమీటరులో పదవవంతు మందముండును. అంతే మందము బొమ్మకును పూసితిమేని, సందునకు ఇరువైపులనుండి రంగు చేరి సందు పూర్తిగా పూడిపోవును. తలుపుగీత కనబడదు, దీపముల అంచులు మొద్దువారును. ఎంతో శ్రమించి కూర్చిన కారు, అరగిన సబ్బుబిళ్లవలె నుండును. కావున నమూనా కార్లకు రంగువేయువాడు మొదట నేర్వవలసినది పలుచదనము.

బొమ్మకు రంగువేయుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మ చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నపుపూత పూసి, ఆపైననే రంగు ముట్టుదురు. ఏటికొప్పాకవారు అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, ఆ రాపిడివేడిమితోనే రంగు కలిపిన లక్కను పట్టింతురు. ఆళ్లగడ్డ శిల్పులు రాతికి రంగు వేయకయే నునుపు తెత్తురు. ముతక ఒరపిడితో మొదలిడి సన్నని ఒరపిడితో ముగించుటయే అందలి కిటుకు. ఈ మూడు పనులును చెప్పు మాట ఒక్కటే: అడుగు చక్కబడినగాని పైమెరుగు నిలువదు.

ఇక రంగుల అంగడికి పోవునప్పుడు మూడు ప్రశ్నలు మనసున నుంచుకొనవలెను. బొమ్మ దేనితో చేసినది? అది ఎవరి చేతికి పోవును? ఏ ఋతువులో రంగు వేయుచున్నాము?

మొదటి ప్రశ్న తీసికొందము. ముక్కలుగా వచ్చి అతికించుకొను కార్లు చాలవరకు పాలీస్టైరీను ప్లాస్టిక్కుతో చేసినవి. పెద్దకార్లకు మరమ్మతులు చేయుచోట వాడు ఘాటైన థిన్నరు ఈ ప్లాస్టిక్కును కరగించును. గోళ్లరంగు తుడుచు ద్రవములోని ఎసిటోను కూడ అంతే. లోహపు కార్లకు ఈ భయము లేదుగాని, నున్నని లోహమున రంగు పట్టు నిలువక పెచ్చులూడును. అందుచే రెంటికిని ప్రైమరు అవసరము.

రంగులు ముఖ్యముగా మూడు జాతులు. నీటితో పలుచన చేయు ఆక్రిలిక్కు త్వరగా ఆరును, వాసన తక్కువ. క్రొత్తగా నేర్చుకొనువారికి ఇదియే తగినది. ఎనామెలు టర్పెంటైనుతో పలుచనగును. మెల్లగా ఆరుటచే కుంచెగీతలు తమంతట తామే సర్దుకొని మంచి నిగారింపు వచ్చును. అయితే పైకి ఆరుటకు ఒక దినమును, లోన గట్టిపడుటకు వారమును పట్టవచ్చును. మూడవది లక్కరు, నిమిషములలో ఆరును, ఘాటు మెండు. వీనిని ఒకదానిపై నొకటి వేయునపుడు ఒక నియమము మరువరాదు. లక్కరుపై ఎనామెలు వేయవచ్చును. ఎనామెలుపై లక్కరు వేయరాదు. వేసినచో పైరంగులోని ఘాటు అడుగురంగును ఉబ్బించి, ముసలిచర్మమువలె ముడుతలు తెచ్చును. సందేహమున్నపుడు పాత ప్లాస్టిక్కు చెంచాకు పూసి ఒకదినము ఆగి చూచుట మేలు. చెంచా పోయిన నష్టము లేదు.

రంగు వేయు క్రమమిది. ముందుగా ముక్కలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. అచ్చునుండి వచ్చిన జిడ్డును, మన వ్రేళ్ల చమురును పోవలెను. సన్నని గరుకు కాగితమును తడిపి రాచి, ప్రైమరు వేయవలెను. పసుపు, ఎఱుపు రంగులకు తెల్లని అడుగు కావలెను. నల్లని ప్లాస్టిక్కుపై తిన్నగా పసుపు వేసినచో అది బురదరంగగును. వెండిరంగునకు నిగనిగలాడు నల్లని అడుగు శోభనిచ్చును. స్ప్రే డబ్బాను బొమ్మకు జానెడు దూరమున పట్టి, బొమ్మ కీవల మొదలిడి ఆవల ముగియునట్లు చేయి కదపవలెను. తొలిపూతకే అడుగు కప్పుకొనవలెనను ఆశ కూడదు. మూడు నాలుగు పలుచని పూతలు వేయవలెను. రెండురంగుల కారైనచో లేతరంగు ముందు, ముదురురంగు తరువాత వేయుట సులువు.

మూడవ ప్రశ్న మన ప్రాంతమునకు ప్రత్యేకమైనది. నంద్యాల, ఆళ్లగడ్డలలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి మిట్టమధ్యాహ్నమున స్ప్రే చేసినచో రంగుబిందువులు దారిలోనే ఆరి, పొడివలె బొమ్మపై వ్రాలును, నున్ననికారు గరుకుకారగును. వేసవిలో ఈ పని తెల్లవారుజామున, గాలి లేవకమునుపే ముగించుకొనవలెను. వానదినములలో గాలియందలి తేమవలన లక్కరు రంగు పాలిపోయి తెల్లని మసక క్రమ్మును. సంక్రాంతికి ముందువెనుకల పొడిదినములే అన్నిట శ్రేష్ఠము. నల్లరేగడి ధూళి, రాతిధూళి ఎగురు ఊళ్లు గనుక, తడిబొమ్మపై ఒక డబ్బా బోర్లించి కప్పుట మరువరాదు. స్ప్రే డబ్బాలు 50 డిగ్రీలకు మించి వేడెక్కరాదు. వేసవిలో మూసియుంచిన వాహనములో వేడిమి ఆ మేర దాటగలదు గనుక, ఎండలోను వాహనములోను వానిని ఉంచరాదు.

రెండవ ప్రశ్నను కడపటికి నిలిపితిని. అది అన్నిటికంటె ముఖ్యము. అలమారలో నిలిచియుండు కారు వేరు, తమ్ముడో చెల్లెలో నోట పెట్టుకొను కారు వేరు. పూర్వము పసుపు, నారింజ, ఎఱుపు రంగుల కాంతికై సీసపు సమ్మేళనములను విరివిగా వాడెడివారు. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెఱచును. ఇంత మేర అపాయము లేదని చెప్పదగిన హద్దు తెలియలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 2016 లో చేసిన నియమములు 2017 నవంబరు 1 నుండి అమలై, ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని కట్టడి చేసినవి. అయితే ఆ నియమములు గృహ, అలంకరణ రంగులకే వర్తించును. పరిశ్రమలలో వాడు రంగులకు గాదు. కావున యంత్రములకు వాడు రంగు డబ్బాలో మిగిలినదని పిల్లల బొమ్మకు పూయరాదు. అటకపై దొరకిన పాతడబ్బా మూత తెరువకుండుటయే మేలు. పాత బొమ్మమీది పెచ్చులను పొడిగా రాచు పని పిల్లలకు అప్పగింపరాదు. బొమ్మతో ఆడుకొనువారున్న ఇంట, సీసము లేదని డబ్బాపై వ్రాసియున్న ఆక్రిలిక్కునే కొనవలెను.

థిన్నరు వాసన తలనొప్పి తెచ్చుటే గాక, ఆ ఆవిరి నిప్పంటుకొనును. వంటింట, దీపము దగ్గర, తలుపులు మూసిన గదిలో ఈ పని తగదు. వరండా మంచిది. త్రాగునీటి సీసాలో థిన్నరు పోసి ఉంచుట ఎన్నడును పనికిరాదు. దప్పికగొన్న పిల్లవానికి ఆ రెంటికి భేదము తెలియదు.

ఇన్ని పూతలు, ఇన్ని ఎదురుచూపులతో ఒక చిన్నకారుకు వారముపట్టుట సహజము. ఆ వారములో పిల్లవాడు అడుగు చదును చేయుట, కొలతచొప్పున పలుచన చేయుట, ఆరువరకు చేయి ఆపుకొనుట నేర్చుకొనును. ఆరినదో లేదో వ్రేలితో నొక్కి చూడనక్కరలేదు. ముక్కునకు దగ్గరగా పట్టి చూచిన చాలును. వాసన యింకను వచ్చుచున్నచో రంగు లోపల తడిగానే యున్నదని తెలిసికొని, మరునాటివరకు ఆగవలెను.