వ్యవసాయమా, పశువైద్యమా?

ఇంటర్ బైపీసీ పూర్తి చేసిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు మా సంఘాన్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎప్‌సెట్ ర్యాంకు వచ్చింది, ఆప్షన్లలో వ్యవసాయ వర్సిటీ ముందు పెట్టాలా, వెటర్నరీ వర్సిటీ ముందు పెట్టాలా అని.

రెండూ మన చుట్టుపక్కలే ఉన్నాయి. జగిత్యాల దగ్గరి పొలాసలో, సిరిసిల్లలో ఉన్నవి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీలు. కోరుట్లలో ఉన్నది పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ. సిరిసిల్ల అంటే మరమగ్గాలే అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు లెండి. అందుకే ఇంట్లో పెద్దలు "ఏది తండాకు దగ్గరైతే అది" అంటారు. ఆ లెక్క నిలవదు. వ్యవసాయం సీటు అశ్వారావుపేటలోనో పాలెంలోనో రావచ్చు. వెటర్నరీ సీటు మామునూరులోనో రాజేంద్రనగర్‌లోనో రావచ్చు. అందుకని ఊరు చూసి కాదు, కోర్సు చూసి తేల్చుకోండి.

వ్యవసాయం డిగ్రీ 4 ఏళ్లు. పశువైద్యం, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి, ఐదున్నరేళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా మెస్సు, పుస్తకాలు, రానుపోను ఖర్చులు ఇంటిమీదే పడతాయి. వెనకాల ఇంకో చెల్లెలు చదువుకు సిద్ధంగా ఉంటే ఏడాదిన్నర చిన్న మాట కాదు. ఈ సంగతి అమ్మానాన్నలతో ముందే మాట్లాడండి.

"డాక్టర్" అన్న పిలుపు కోసం వెటర్నరీ తీసుకోవడం మాత్రం మాకు నచ్చదు. ఈనలేక పడిపోయిన బర్రె దగ్గర అర్ధరాత్రి మోచేతిదాకా చెయ్యి పెట్టే పని అది. మనసొప్పితేనే వెళ్లండి. లదేణీ కాలంలో ఎడ్లమీద ఉప్పు, ధాన్యం మోసినవాళ్లు మన తాతలు. పశువులు చల్లగా ఉండాలనే కదా శీత్ల పండుగ చేస్తాం! అయినా "ఆడపిల్లకు పశువుల డాక్టరు పనేంది" అంటారు. తండాలో మేకలు కాసేది, పాలు పితికేది ఎవరో వాళ్లనే అడగండి.

వ్యవసాయమూ తక్కువదేం కాదు. మనం తినే జగిత్యాల సన్నాలు పొలాస పరిశోధన స్థానంలో పుట్టిన వరే. విస్తరణాధికారి, వ్యవసాయాధికారి పోస్టులున్నాయి, బ్యాంకులు, విత్తన కంపెనీలూ ఉన్నాయి. కానీ సర్కారు కొలువు రాకపోయినా, పశువైద్యులు కౌన్సిల్‌లో రిజిస్టరై సొంతంగా వైద్యం చేసుకోవచ్చు. అందుకే గట్టిగా అడిగితే, ఇల్లు ఆ ఏడాదిన్నర మోయగలిగితే మేము పశువైద్యం వైపే మొగ్గుతాం. మోయలేకపోతే వ్యవసాయం.

మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసుకోండి. రైతు కోటా అడగాలనుకుంటే పట్టా కాగితాలు కూడా వెతికి పెట్టుకోండి. ఆప్షన్ల వరుసను ఇంటర్నెట్ సెంటర్ వాళ్లకు వదిలేయకండి. ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ కాగితం పట్టుకుని సంఘం దగ్గరికి వచ్చినా సరే, కూర్చుని చూద్దాం.