మినీ ట్రాక్టరుకు బాక్స్ బ్లేడు: వెడల్పు చూసి కాదు, బరువు చూసి కొందాం

(సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన తరగతుల్లో మద్దతు ధర గురించి, విత్తనం గురించి, కరెంటు గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాం. ఈ పూట ఒక ఇనుప పనిముట్టు గురించి మాట్లాడుకుందాం. చిన్న విషయమే అనిపించవచ్చు. కానీ అప్పు చేసి మినీ ట్రాక్టరు కొన్న రైతుకు, దాని వెనక తగిలించే ప్రతి పనిముట్టూ మరో అప్పే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో నూటికి 86 కమతాలు రెండు హెక్టార్ల లోపువి, అంటే సుమారు ఐదెకరాల లోపువి. అంత కమతం మీద పనిముట్టుకు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే కొనే ముందే లెక్క చూసుకోవాలి.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మడిలో మెరక ఉన్నచోట వరి ఎండుతుంది, కలుపు లేస్తుంది. పల్లం ఉన్నచోట నారు మునుగుతుంది. మిరపలో, పత్తిలో అయితే పల్లంలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. వేసిన ఎరువు కూడా నీటితో పాటే పల్లానికి పోతుంది. ఎడ్ల కాలంలో దమ్ము చేశాక పలక కట్టి తోలేవాళ్లం. ఎడ్లు పోయాయి, మినీ ట్రాక్టర్లు వచ్చాయి. వాటి వెనక పలక స్థానంలోకి వచ్చిందే ఈ బాక్స్ బ్లేడు.

బ్లేడు వేరు, బాక్స్ వేరు

మామూలు వెనక బ్లేడు అంటే ఒక వంపు రేకు. మట్టిని నెడుతుంది, కానీ రెండు కొసల నుంచి మట్టి జారిపోతుంది. కాలువ గట్టు సర్దడానికి, బాట పక్క మట్టి తోయడానికి అది చాలు. బాక్స్ బ్లేడుకు ఆ వంపు రేకుతో పాటు రెండు పక్కలా పలకలు ఉంటాయి. ముందు, కింద తెరిచి ఉంటుంది. మెరకలో కోసిన మట్టి పెట్టెలో నిలిచి, పల్లం దాకా వస్తుంది. అక్కడ కొద్దిగా పైకెత్తితే పల్చగా పరుచుకుంటుంది. ముందువైపు బద్దెకు పళ్లు ఉంటాయి. గట్టి నేలను అవి చీలిస్తే, వెనక అంచు కోస్తుంది.

దీన్ని లేజర్ లెవెలర్‌తో పోల్చకూడదు. లేజర్ పెట్టెను పెద్ద ట్రాక్టరు లాగుతుంది. దాని ఎత్తును లేజర్ కిరణాన్ని బట్టి హైడ్రాలిక్సే సర్దుకుంటాయి. మన పెట్టెలో ఆ పని చేసేది డ్రైవరు కన్ను, చెయ్యి. కాబట్టి లేజర్ చదును వస్తుందని చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మవద్దు.

ముందు మట్టి లెక్క వేద్దాం

నాలుగడుగుల పెట్టెలో ఒక్కో విడతకు సుమారు 0.15 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది అనుకుందాం. ఒక ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అందులో సగం మెరక, సగం పల్లం. మెరకలో సగటున 2 సెంటీమీటర్లు కోసి పల్లంలో వేయాలంటే 40 ఘనపు మీటర్ల మట్టి కదలాలి. అంటే సుమారు 270 విడతలు. విడతకు రెండు నిమిషాలు పట్టినా 9 గంటల పని. ఒక రోజులో అయిపోతుంది.

అదే 5 సెంటీమీటర్లు కోయాలంటే 100 ఘనపు మీటర్లు దాటుతుంది. 670 విడతలకు పైమాటే. మూడు రోజుల డీజిలు, టైర్ల అరుగుదల, డ్రైవరు కూలి కలిపి చూడండి. అంత తేడా ఉన్న చేలో ఒకసారి పెద్ద యంత్రాన్ని అద్దెకు పిలిపించుకోవడమే చవక. బాక్స్ బ్లేడు ఏటేటా చేసే సర్దుబాటుకు పనికొస్తుంది. బంజరును మాగాణి చేయడానికి పనికిరాదు.

ఇంకో జాగ్రత్త. పైమట్టిలోనే సత్తువ ఉంటుంది. మెరకలో లోతుగా కోస్తే అడుగు మట్టి పైకి తేలి, అక్కడ పైరు పల్చబడుతుంది. ఒక్క ఏడాదిలోనే అద్దంలా చేయాలనుకోకుండా కొంచెం కొంచెంగా చేయాలి. కోసినచోట పశువుల ఎరువు ఎక్కువ తోలాలి.

ట్రాక్టరుకు సరిపోతుందా?

మొదట చూడాల్సింది పిన్నులు. కింది లింకుల పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19 మిల్లీమీటర్లు ఉంటే అది కేటగిరీ 1. పెద్ద ట్రాక్టర్లకు ఉండే కేటగిరీ 2లో పిన్నులు 28, 25 మిల్లీమీటర్లు. కొన్ని మినీ ట్రాక్టర్లకు పిన్ను అదే ఉన్నా లింకుల మధ్య దూరం తక్కువ. పెద్ద ట్రాక్టరు పెట్టెను బుష్షులు వేసి తగిలిస్తామని దుకాణదారు అంటే, లింకుల మధ్య దూరం కూడా టేపుతో కొలిచి చూపించమనండి.

రెండోది వెడల్పు. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలవండి. పెట్టె దానికన్నా కొద్దిగా వెడల్పు ఉంటే చాలు, టైరు జాడ చెరిగిపోతుంది. 15-18 హార్స్ పవర్ బండికి నాలుగు అడుగులు, 20-25కు నాలుగున్నర నుంచి ఐదు అడుగులు. అదే డబ్బుకు ఆరడుగులు వస్తోందని ఆశపడితే, పెట్టె నిండగానే చక్రాలు అక్కడే తిరుగుతాయి.

లిఫ్టు ఎత్తుతుందా అని చాలామంది అడుగుతారు. చాలా మినీ ట్రాక్టర్లకు లింకుల కొసల దగ్గర ఎత్తే సామర్థ్యం 750 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 200 కిలోల పెట్టెకు అది సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది చక్రాల పట్టు దగ్గర, ముందు చక్రాల తేలిక దగ్గర. పెట్టె ఎత్తినప్పుడు ముందు చక్రాల మీద మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ఉండాలి. లేకపోతే స్టీరింగు మాట వినదు. అప్పుడు ముందు బరువులు తగిలించాల్సిందే, ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

తక్కువ ధరలో దేనికి డబ్బు పెట్టాలి?

బరువుకు పెట్టాలి. తేలిక పెట్టె గట్టి నేల మీద కోయకుండా ఎగిరెగిరి పోతుంది. అడుగు వెడల్పుకు 40 నుంచి 50 కిలోలు ఉండేలా చూద్దాం. పత్తి తూచే కాటా మీద పెట్టి తూయించండి. కాగితం మీద రాసిన బరువును నమ్మవద్దు.

తర్వాత ధరను బరువుతో భాగించండి. లెక్క కోసం చెబుతున్న అంకెలు ఇవి: ఒక పెట్టె 100 కిలోలు, 22 వేల రూపాయలు. ఇంకొకటి 180 కిలోలు, 30 వేలు. మొదటిది కిలో 220 పడింది, రెండోది 167. చవక అనుకున్నదే ఖరీదైంది.

మూడోది కోసే అంచు. అరిగేది అదే. బోల్టులతో బిగించిన అంచు అయితే తిప్పి వేసుకోవచ్చు, అరిగాక మార్చుకోవచ్చు. పెట్టెకే వెల్డు చేసి ఉంటే అంచుతో పాటు పెట్టే అరిగిపోతుంది. అంచు ఉక్కు గట్టిదా కాదా తేల్చడానికి ఆకురాయి చాలు. గీస్తే తేలిగ్గా రజను రాలిందంటే అది మెత్తని ఇనుము.

నాలుగోది వెల్డింగు. పక్క పలకలు, టాప్ లింకు తగిలే కొమ్ము, కింది పిన్నుల చెవులు, ఈ మూడు చోట్లా వెల్డు తెగకుండా పొడవునా ఉండాలి. అక్కడక్కడ చుక్కలు పెట్టి మీద రంగు పూస్తే మొదటి రాయికే విడిపోతుంది. పక్క పలకలు 6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

పళ్లకు మాత్రం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పనిలేదు. మినీ ట్రాక్టరు ఉన్న ఇంట్లో కల్టివేటరు దాదాపు ఉంటుంది. ముందు కల్టివేటరుతో దున్ని, తర్వాత పెట్టె లాగితే నల్లరేగడిలోనూ, ఎర్ర నేలలోనూ పని సాగుతుంది. బాటలు, కళ్లాలు ఎక్కువగా చేసేవాళ్లకే పళ్లు కావాలి. అవి పిన్ను తీసి పైకి, కిందికి మార్చుకునేవిగా ఉండాలి.

పాత పెట్టె కొనేవాళ్లు పిన్ను రంధ్రాలు చూడండి. గుండ్రంగా లేకుండా కోడిగుడ్డులా సాగి ఉంటే బాగా వాడేశారన్నమాట. కొత్త రంగు కింద పాత వెల్డు అతుకులు ఉన్నాయేమో గోరుతో గీకి చూడండి.

బిల్లు మీ పేరుతో తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, దుక్కి యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మనకు చేరిందో, మధ్యలోనే ఆగిందో బిల్లులోనే తేలుతుంది.

నడిపే తీరు

పదును చూసి దిగాలి. తడిలో రేగడి పెట్టెకు అంటుకుంటుంది, బాగా ఎండితే పెళ్లలు లేస్తాయి. టాప్ లింకు పొట్టి చేస్తే పెట్టె ముందుకు వంగి పళ్లు దిగుతాయి, కోత ఎక్కువవుతుంది. పొడుగు చేస్తే వెనక అంచు ఆని నేల నున్నగా వస్తుంది. మొదటి రెండు విడతలు కోతకు, చివరి విడత నునుపుకు. అన్నీ ఒకే విడతలో చేయబోతే నేల అలలు అలలుగా తయారవుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. ఎడ్ల పలక మీద నిలబడ్డట్టు ఈ పెట్టె మీద మనిషిని ఎక్కించవద్దు. బరువు కావాలంటే ఇసుక బస్తాలు కట్టండి. అంచు బిగించేటప్పుడు, లిఫ్టు పట్టుకునే ఉంటుందిలే అని పెట్టె కింద చేతులు పెట్టవద్దు. నేలకు దించి, ఇంజను ఆపాకే పని చేయాలి.

ఒక్కరే కొనాలా?

ఐదెకరాల రైతుకు ఈ పెట్టెతో ఏడాదికి నాలుగైదు రోజులే పని. మిగతా రోజులు కొట్టం పక్కన తుప్పు పడుతుంది. ఐదుగురు కలిసి కొంటే అదే డబ్బుకు బరువైన పెట్టె వస్తుంది. అందరి ట్రాక్టర్ల పిన్నులూ ఒకే కేటగిరీ అయి ఉండాలి. వాడిన గంటలకు ఒక పుస్తకం పెట్టండి. గంటకు కొంత చొప్పున కొత్త అంచు కోసం పక్కన పెట్టండి. ఎవరికి ముందు అన్నది ఎవరి చేలో నీరు ముందు పారుతుందో దాన్ని బట్టి తేల్చుకోండి.

కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద వ్యక్తిగతంగా కొనే యంత్రాలకు 40 నుంచి 50 శాతం దాకా సబ్సిడీ ఉంది. మనం కొనబోయే పెట్టె ఆ ఏటి జాబితాలో ఉందో లేదో వ్యవసాయాధికారి దగ్గర ముందే చూసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, సబ్సిడీ పోగా మనం కట్టే ధరను బయటి ధరతో పోల్చాలి. జాబితా ధరే పెరిగిపోతే సబ్సిడీ రైతు చేతికి రాదు, అమ్మేవాడి చేతికి పోతుంది.

అందుకే మన సంఘం నాలుగు కోరికలు ముందు పెడుతోంది. ప్రతి పనిముట్టు మీద బరువు, రేకు మందం, సరిపోయే హార్స్ పవర్, పిన్నుల కేటగిరీ చెక్కిన పలక ఉండాలి. సబ్సిడీ ధర, బయటి ధర రెండూ రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో రాసి పెట్టాలి. యంత్రాలను పరీక్షించే కేంద్ర సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది. అలాంటి సంస్థల పరీక్షల ఫలితాలు రైతుకు అర్థమయ్యే తెలుగులో రావాలి. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాల్లో పెద్ద ట్రాక్టర్ల సామాను ఒక్కటే కాకుండా మినీ ట్రాక్టరుకు సరిపడే పెట్టెలు కూడా ఉంచాలి.

వీటిని అడగాలంటే మన చేతిలో అంకెలుండాలి. ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ తమ ఊళ్లో ఉన్న పెట్టెలను తూచి, వెడల్పు, బరువు, కొన్న ధర, కొన్న ఏడాది ఒక కాగితం మీద రాసి మండల కమిటీకి ఇవ్వాలి. ఆ వివరాలన్నీ ఒక పట్టికగా వేస్తే, దుకాణం గడప తొక్కే రైతు ఏ ధరకు ఎంత ఇనుము రావాలో ముందే తెలుసుకుని వెళ్తాడు. టేపు, కాటా, ఆకురాయి: ఈ మూడూ తీసుకుని బయలుదేరండి.