డిస్క్ మొదట్లో కాస్త జాగా వదలండి!

పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసేముందు నేను చూసేది ఒక్కటే: మొదటి పార్టిషన్ ఎక్కడ మొదలైంది? ఎఫ్‌డిస్క్ లిస్టులో 'స్టార్ట్' కింద ఉంటుంది చూడండి.

పాత డిస్కుల్లో ఆ నంబర్ 63. ఎంబీఆర్‌లో బూట్ కోడ్‌కి దొరికేది 446 బైట్లే. అందుకే గ్రబ్ మిగతా కోడ్‌ని ఎంబీఆర్‌కీ, మొదటి పార్టిషన్‌కీ మధ్య ఖాళీలో పెట్టుకుంటుంది. ఆ ఖాళీ 31 కేబీ. రెయిడ్, ఎల్‌వీఎం లాంటివి చదవాల్సొస్తే గ్రబ్ లావెక్కుతుంది, అందులో పట్టకపోవచ్చు. అప్పుడు పార్టిషన్‌నే జరపాలి. మధ్యలో కరెంటు పోయిందా, మీ ఫొటోలు గోవిందా!

కాబట్టి కొత్తగా చేసేటప్పుడు 2048వ సెక్టార్ నుంచి మొదలుపెట్టండి. అంటే 1 ఎంబీ వదిలినట్టు. జీపీటీ డిస్క్‌ని బయాస్‌తో బూట్ చేస్తుంటే మాత్రం 1 ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్ విడిగా పెట్టండి. ముందు బ్యాకప్, తర్వాతే పని!