పై నీరు – అడుగు నీరు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అందరికీ అర్థమయ్యేటట్లు తెలుగులో ఏదైనా సైన్సు విషయం మాట్లాడమని పెద్దలు ఆజ్ఞాపించారు. మాటల్లో తప్పులు దొర్లితే మన్నించవలసిందిగా కోరుతున్నాము.

అశ్వారావుపేట అడవి అంచున కూర్చుని సముద్రం సంగతి చెప్తే వింతగా ఉంటుంది. కనుక ముందు చెరువు గట్టు మీద నుంచే బయలుదేరుదాం. చెరువు పాట పాడుకుని చేపలు పెంచేవాళ్ళు మనలో ఉన్నారు. ఎండలు మండిపోయిన తర్వాత ఒక రాత్రి చల్లటి గాలివాన కొడుతుంది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. కొన్ని తెల్లగా తేలిపోతాయి. "ఎవరో మందు కలిపారు" అని అనుమానం పుడుతుంది. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి తగాదాలో మేము మధ్యవర్తిగా కూర్చున్నాము. ఇద్దరూ దగ్గరి బంధువులే. రెండేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అసలు సంగతి ఆనాడు మాకూ తెలియదు.

సంగతి ఏమిటంటే, ఎండకు పై నీరు వేడెక్కి, తేలికై, పైనే ఉండిపోతుంది. చల్లని నీరు బరువు గనుక అడుగునే ఉంటుంది. రెండూ కలవవు. అడుగున కుళ్ళే ఆకూ అలమూ అక్కడి ప్రాణవాయువును తినేస్తాయి. పైనుంచి కొత్తది దిగదు. వానకు పై నీరు చల్లబడి, గాలి తోడైతే, పొరలు చెదిరి నీరంతా ఒక్కసారిగా కలిసిపోతుంది. చేపకు ఊపిరాడదు. మందు కలిపినవాడెవడూ లేకుండానే చేపలు చచ్చిపోవచ్చునన్నమాట. చేపల చెరువుల్లో తిప్పే ఏరేటర్లు గాలిని అందించడమే కాదు, ఇలా పొరలు కట్టకుండా నీటిని కలియబెడతాయి కూడా.

ఇక సముద్రానికి వెళదాం. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయి? బంగాళాఖాతంలోకే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్ళూ అక్కడికే. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుచేత నదుల నీరు, వాన నీరు సముద్రం మీద పలుచని దుప్పటిలా పరుచుకుంటాయి. పిల్లలకు మేము గ్లాసులో చూపిస్తుంటాము. ఉప్పునీటిలో నీలిమందు చుక్క వేసి, పైన చెంచా మీదుగా మెల్లగా మంచినీళ్ళు పోస్తే రెండు పొరలు స్పష్టంగా నిలబడతాయి. చెంచాతో కొద్దిగా కదిపినా పూర్తిగా కలవవు.

దీంతో మనకేం పని అంటారా? తుపాను సముద్రపు వేడి మీద బతుకుతుంది. మామూలుగా అది నీటిని చిలికి, అడుగునున్న చల్లని నీటిని పైకి తెచ్చి, తన పొయ్యి తానే ఆర్పుకుంటుంది. వానాకాలం తర్వాత బంగాళాఖాతంలో ఈ మంచినీటి దుప్పటి అడ్డుపడి చల్లని నీటిని అంత సులువుగా పైకి రానివ్వదు. కాబట్టి నీరు ఎంత కలుస్తోందో తెలియకపోతే తుపాను బలాన్ని, వానను సరిగా అంచనా కట్టడం కష్టం. 2024 జులై 18న మన పెదవాగు గట్టు తెగి పొలాల్లో ఇసుక మేటలు వేసింది. అంచనా విలువ ఏమిటో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

మరి కంటికి కనపడని ఈ కలయికను కొలిచేది ఎలా? నీటిలోని చిన్న చిన్న సుళ్ళ అల్లకల్లోలాన్ని టర్బులెన్స్ అంటారు. సన్నని మొన గల పరికరాన్ని వదులు తాడుతో నీటిలోకి జారవిడుస్తారు. తాడు బిగిస్తే ఓడ ఊగుడు కొలతలో కలిసిపోతుంది. సుడి మొనను పక్కకు నెట్టినప్పుడల్లా అందులో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. సెంటీమీటరంత సుళ్ళు కూడా దానికి తెలుస్తాయి.

ఇంకొక పద్ధతి మా బడిలోదే అనిపిస్తుంది. ప్రార్థనకు పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెడతాము. అల్లరి ఎంత జరిగిందో తెలియాలంటే, ఒక్కొక్కడు తన చోటు నుంచి ఎంత దూరం జరిగాడో చూస్తే చాలు. స్కాట్లండులోని లాక్ నెస్ సరస్సు కొలతలతో థోర్ప్ అనే శాస్త్రజ్ఞుడు 1977లో ఇదే చేశారు. బరువు ప్రకారం ఏ నీరు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉంది అని లెక్క తీశారు.

మన దేశం 2013లో బంగాళాఖాతపు కలయిక, రుతుపవనాల మీద పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇందులో పాలుపంచుకుంది. అమెరికా శాస్త్రజ్ఞులూ తోడయ్యారు. 2014 డిసెంబరులో సాగర్ నిధి ఓడ మీద నుంచి, దాదాపు విశాఖపట్నం అక్షాంశంలోనే, నడిసముద్రంలో ఒక బోయాను లంగరు వేసి నిలిపారు. అది ఏడాదికి పైగా కొలతలు తీసింది. మంచినీటి దుప్పటి కప్పిన నెలల్లో కింద అల్లకల్లోలం బాగా తగ్గిపోయిందని 2019లో ప్రకటించారు. ఏడాది ఓపిక పట్టిన తర్వాతే ఆ మాట అన్నారు!

మేమైతే రెండు రోజుల్లో, ఒక థర్మామీటరైనా ముంచి చూడకుండా, ఇద్దరు బంధువుల తగాదాకు తీర్పు చెప్పేశాము. ఆ సిగ్గు మాలో ఇంకా ఉంది.

అందుచేత ఒక మనవి. చెరువులున్నవారు బిరడా బిగించిన బరువైన సీసాను తాడుతో అడుగుకు దించి, రెండో తాడుతో బిరడా లాగి, అడుగు నీటిని పైకి తీయండి. వెంటనే దాని వేడి, పై నీటి వేడి పిల్లల చేత కొలిపించి పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకం పట్టుకున్న అమ్మాయినో అబ్బాయినో పదో తరగతితో ఆపేయకండి. ఫీజుకు ఇబ్బందైతే సంఘానికి చెప్పండి, మొహమాటం వద్దు. సముద్ర శాస్త్రం నేర్పే ఆంధ్ర విశ్వవిద్యాలయం మనకు ఒక్క రాత్రి ప్రయాణమే.

ఎవరినైనా అనుమానించే ముందు ఒకసారి సీసా దించి చూద్దాం. సెలవు. ఖుదా హాఫిజ్.