15 నిమిషములకని వచ్చిన డాక్టరు



త్రాగుడు మానాలని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకొని ఓడిపోయిన సహోదరుడా, ఈ ఉదయము నీతోనే మాట్లాడుచున్నాను.

1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అను ఒకాయన హోటలులో నిలుచున్నాడు. ఒక ప్రక్క బారు, మరియొక ప్రక్క టెలిఫోను. త్రాగుడు మాని అయిదు నెలలే అయినది. ఒక సంఘ కాపరికి ఫోను చేసి, తనవంటి త్రాగుబోతు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. బోధకుని కోసము కాదు, త్రాగుబోతు కోసమే అడిగాడు, గమనించండి! అలా ఒకరి ద్వారా ఒకరుగా దొరికిన డాక్టరు బాబ్ స్మిత్ 15 నిమిషములే ఉంటానని వచ్చి, రాత్రి 11 దాటువరకు కూర్చున్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికలకు అదే మొదలు.

నేడు మన పట్టణములలోను ఆ కూడికలున్నవి, కొన్ని చర్చి హాళ్లలోనే. రుసుము లేదు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. మానాలనే కోరిక చాలు. మొదటి రోజు మాట్లాడకుండా వెనుక కూర్చోవచ్చు. ఒకటి నచ్చకపోతే మరియొకదానికి వెళ్లు. ఎక్కడో తెలియకపోతే ఆసుపత్రిలో డీఅడిక్షన్ విభాగమువారిని అడుగు. అయితే రోజూ ఎక్కువగా త్రాగేవారు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణాపాయము కూడా. ముందు వైద్యుని కలువు. ప్రార్థన చేయించుకున్నాను గదా అని దీనిని దాటవేయవద్దు.

అమ్మా, మీ ఆయన రానంటే మీరు వెళ్లండి. కుటుంబీకులకు అల్‌అనాన్ కూడికలు వేరుగా ఉన్నవి.

సంఘ పెద్దలారా, వారములో ఒక సాయంత్రము మీ హాలు ఖాళీయే గదా. తాళపుచెవి ఇవ్వగలరా?